బలమైన సర్వ్ లేకుండా రమేశ్ కృష్ణన్ ఎలా నెగ్గుకొచ్చారు?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. భారత టెన్నిస్ ఆటగాడు రమేశ్ కృష్ణన్ పాత మ్యాచ్‌లను ఈమధ్య వరుసగా చూస్తున్నాను. ఆనాటి ప్రమాణాలతో చూసినా ఆయన సర్వ్ (పాయింటును మొదలుపెట్టే షాట్) మెత్తనిదే. అయినప్పటికీ 1985 జనవరిలో సింగిల్స్‌లో 23వ ర్యాంకుకు చేరారు, గ్రాండ్‌స్లామ్‌లనే నాలుగు అతిపెద్ద టోర్నీలలో మూడుసార్లు క్వార్టర్ ఫైనల్ ఆడారు, ఎనిమిది సింగిల్స్ టైటిళ్లు గెలిచారు. ఆయన దేని మీద ఆధారపడి ఇన్ని విజయాలు సాధించారు? సర్వ్ బలహీనతే ఆయనను మొదటి పదిమందిలోకి రానివ్వలేదనడం న్యాయమేనా?

మొదటి జవాబు:
ఆయన బలమంతా బంతిని అందుకునే వేళలో ఉంది. బంతి నేలను తాకి పైకి లేస్తుండగానే, రాకెట్‌ను పెద్దగా వెనక్కి తీసుకోకుండా, ఎదుటివారి వేగాన్నే వాడుకుని కోర్టు మూలలకు తిప్పి పంపేవారు. అందువల్ల బంతి ఎటు వెళ్తుందో ప్రత్యర్థికి చివరి క్షణం దాకా అంతుచిక్కేది కాదు. ఈ నేర్పు ఆ ఇంటి సొత్తు. తండ్రి రామనాథన్ కృష్ణన్ 1960, 1961లలో వింబుల్డన్ సెమీఫైనల్ చేరినదీ బలప్రదర్శనతో కాదు. వింబుల్డన్ బాలుర టైటిల్‌ను తండ్రి 1954లోనూ, కుమారుడు 1979లోనూ గెలిచారు. బంతి తక్కువ ఎత్తులో జారుతూ వచ్చే గడ్డి కోర్టు ఈ ఆటకు బాగా అనువైనది. 1986లో రమేశ్ గడ్డి మీద జరిగే వింబుల్డన్‌లో క్వార్టర్ ఫైనల్ ఆడారు.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తాను గానీ, గడ్డి కోర్టుతోనే విషయం పూర్తికాదు. మిగతా రెండు క్వార్టర్ ఫైనళ్లు, అంటే 1981, 1987 యు.ఎస్. ఓపెన్‌లవి, హార్డ్ కోర్టుపై, అంటే గట్టి నేలపై, ఆడినవే. 1989 ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండులో ఆయన ఓడించిన మాట్స్ విలాండర్ అప్పుడు ప్రపంచ నంబర్ వన్, పైగా అంతకుముందు ఏడాది అక్కడి విజేత. విలాండర్ ఓపికగా ర్యాలీలు సాగించే ఆటగాడు కాబట్టి, ఆయన మీద రమేశ్ సర్వ్ లోపం అంతగా బయటపడలేదని నా అభిప్రాయం. రిటర్న్ (సర్వ్‌కు జవాబుగా కొట్టే షాట్) కొట్టిన వెంటనే నెట్ దగ్గరికి దూసుకొచ్చే వారితో మాత్రం పరిస్థితి వేరు: రమేశ్ తాను సర్వ్ చేసే గేమ్‌లలో కూడా ప్రతి పాయింటుకూ చెమటోడ్చాలి, అయిదు సెట్ల మ్యాచ్‌లో ఆ భారం పెరుగుతూనే పోతుంది. 1981 యు.ఎస్. ఓపెన్ క్వార్టర్ ఫైనల్‌లో అమెరికా ఆటగాడు జాన్ మెకన్రో మీద మొదటి సెట్ గెలిచి కూడా మ్యాచ్ కోల్పోయారు. కనుక మీరు అడిగిన రెండో ప్రశ్నకు అవుననే చెబుతాను.

మూడవ జవాబు:
ర్యాంకు ఒక్కదానితో ఆయనను కొలిస్తే దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్ లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఆ విజయాలకు ర్యాంకింగ్ పాయింట్లు ఉండేవి కావు. 1987 సెమీఫైనల్‌లో సిడ్నీ గడ్డి కోర్టు మీద, ఆస్ట్రేలియాతో స్కోరు 2–2గా ఉన్నప్పుడు, నిర్ణయాత్మకమైన అయిదో మ్యాచ్‌లో వాలీ మాసుర్‌ను ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా ఓడించి భారత్‌ను ఫైనల్‌కు చేర్చింది ఆయనే. గోథెన్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్‌లో స్వీడన్ చేతిలో 0–5తో ఓడినా, ఆ సిడ్నీ విజయం నా దృష్టిలో ఏ ర్యాంకు కన్నా పెద్దది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో యువకుడైన లియాండర్ పేస్‌తో కలిసి డబుల్స్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లడం కూడా గమనించదగినదే. మాసుర్‌తో జరిగిన మ్యాచ్ దృశ్యాలు దొరికితే, ఆయన సర్వ్‌ను కాక, దాని తర్వాత ఆయన కొట్టే షాట్‌ను గమనించండి. మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఎక్కువగా దొరుకుతుందని నమ్ముతున్నాను.