మూడో నెలలో పాపను తీసుకువెళ్లాలి. ఇంట్లో రెండు కుక్కలున్నాయి

పటమట కోడలు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడలోని పటమట. కాన్పుకు గుంటూరులోని పుట్టింటికి వచ్చాను. పాపకు ఇప్పుడు 40 రోజులు. మూడో నెలలో అత్తవారింటికి పంపడానికి పెద్దలు మంచిరోజు చూస్తున్నారు. అక్కడ ఆరేళ్ల ల్యాబ్రడార్ ఒకటి, వానలో మెట్ల కింద దొరికిన ఊరకుక్క ఒకటి ఉన్నాయి. మొదటిది రాత్రిళ్లు మా మంచం పక్కనే పడుకుంటుంది. రెండోది ఎవరినీ కరవలేదు గాని, గిన్నె కిందపడిన చప్పుడుకే బల్ల కిందికి దూరేంత పిరికిది.

పాపకు ఏడాది నిండేవరకు రెండింటినీ నూజివీడు దగ్గరి మామిడితోటలో ఉంచాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. మావారికి అది ఇష్టం లేదు. పాపకు చుట్టిన గుడ్డను ఇంటికి తీసుకువెళ్లి కుక్కలకు వాసన చూపిస్తే చాలని ఆయనకు ఎవరో చెప్పారట. ఆయన ప్రతి ఆదివారం గుంటూరు వస్తారు కనుక అది కష్టమేమీ కాదు. కాని అంతమాత్రం సరిపోతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

భవానీపురం నాన్న:

గుడ్డ మంచిదే గాని, అది పనిలో పదోవంతు మాత్రమే. దానిని ముక్కుకు ఆనించి బలవంతంగా చూపించకుండా కాస్త దూరంలో చేతితో పట్టుకొని, కుక్క తనంతట తాను వచ్చి వాసన చూసి నెమ్మదిగా ఉంటే మెచ్చుకోవాలి. నోట కరుచుకొని ఆడుకోనివ్వకూడదు.

అసలు పని దినచర్యను ఇప్పుడే మార్చడం. మేము ఆ తప్పే చేశాము. బాబు ఇంటికి వచ్చిన రోజునే మా కుక్కను పడకగది నుంచి బయటికి పంపాము; అది తెల్లవార్లూ తలుపు గీకుతూనే ఉంది, బాబు ఏడుస్తూనే ఉన్నాడు, మా అమ్మ ఇద్దరినీ తిడుతూనే ఉంది. మీ వారు ఈ వారం నుంచే ల్యాబ్రడార్ పక్కను రోజుకు కొంచెం చొప్పున హాలువైపు జరిపితే, తన చోటు పోవడానికి పాపే కారణమని అది ముడిపెట్టుకోదు.

ఇంటికి వచ్చే రోజున గుమ్మంలో దిష్టి తీసి, హారతి ఇచ్చి, చుట్టాలందరూ మూగే సమయంలో కుక్కలు అక్కడ ఉండకూడదు. ఎవరైనా వాటిని అలసిపోయేలా నడిపించి తీసుకురావాలి. నెలల తరువాత మిమ్మల్ని చూసిన ఆనందంలో అవి మీదికి ఎగబడతాయి కనుక, పాపను వేరేవారి చేతిలో ఉంచి ముందు మీరు ఒక్కరే పలకరించండి. తరువాత ఒక్కొక్క కుక్కనే గొలుసుతో పట్టుకొని, మీరు కుర్చీలో కూర్చొని, నాలుగడుగుల దూరం నుంచి చూడనివ్వండి. రెండు మూడు నిమిషాలు చాలు. అది దగ్గరికి వస్తోందని కంగారుపడి పాపను ఒక్కసారిగా పైకెత్తితే, ఎత్తినదేదో అందుకోవాలని అది ఎగురుతుంది.

గన్నవరం పశువైద్య విద్యార్థి:

పాప రాకముందే పశువైద్యునికి రెండు కుక్కలనూ చూపించండి. రేబిస్ టీకా ఏటా వేయించినట్లు రాత ఉండాలి. నులిపురుగుల మందు సాధారణంగా మూడు నెలలకొకసారి ఇవ్వాలి. మన వేడికి, ఉక్కకు పిడుదులు త్వరగా పెరుగుతాయి; చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతకండి. ముఖం నాకడాన్ని ముద్దుగా భావించి వదిలేయవద్దు.

పిరికి కుక్క విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. పాప ఏడుపును ఫోనులో రికార్డు చేసి, అతి తక్కువ శబ్దంతో వినిపిస్తూ తిండి పెట్టి, రోజులు గడిచేకొద్దీ శబ్దాన్ని పెంచండి. నిద్ర రాకపోయినా ఆవలించడం, పెదవులు నాక్కోవడం, తల తిప్పుకోవడం, ఒళ్లు బిగబట్టడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం ఇవన్నీ అది ఇబ్బందిపడుతున్న గుర్తులు. గుర్రుమన్నందుకు కొట్టవద్దు; కొడితే ఆ హెచ్చరికను మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

ఎప్పుడైనా పన్ను గాని గోరు గాని గీరుకుంటే, కారం, సున్నం వంటివి పూయకుండా, సబ్బుతో ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయాల్సి ఉంటుంది.

బ్రాడీపేట అమ్మమ్మ:

అమ్మాయీ, మా మనుమలిద్దరికీ నీళ్లు పోసిన చేతులతో చెబుతున్నాను. పాపకు నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టుకున్నప్పుడు గది తలుపు వేసి ఉండాలి. పాలు, నూనె కలిసిన ఆ వాసనకు కుక్క నాకడానికి వస్తుంది. జిడ్డు చేతులతో పాపనే జాగ్రత్తగా పట్టుకోవాలి, ఇక కుక్కను ఎలా తోస్తాము? సాంబ్రాణి నిప్పులకూ అంతే, దాని తోక తగిలితే చాలు.

చీర ఉయ్యాల కుక్క ఎత్తులోనే ఊగుతుంది. కదిలేదీ, లోపల నుంచి కీచుమనేదీ దానికి ఆటవస్తువులా గాని వేటలా గాని అనిపించవచ్చు. పాప నిద్రపోయింది కదా అని కుక్కలున్న గదిలో వదిలి వంటింట్లోకి ఒక్క నిమిషం కూడా వెళ్లవద్దు.

మీ అత్తగారి భయం అర్థం లేనిది కాదు. పిరికిది పాప ఏడుపుకు ఎంతకీ కుదురుకోకపోతే, తెలిసినవారింట కొన్నాళ్లు ఉంచడంలో తప్పు లేదు. కాని ఏడాది తోటలో కట్టి ఉంచి తీసుకువస్తే, అప్పటికి తప్పటడుగులు వేస్తూ తోక పట్టుకొని లాగే పిల్ల దానికి కొత్తగా ఎదురవుతుంది. అది ఇంకా ప్రమాదం. పాకడం మొదలయ్యే నాటికి కుక్కల తిండిగిన్నెలు పెరట్లోకి మార్చండి.

పటమట కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. ఉయ్యాల సంగతి మాకు తట్టనే లేదు. పడకగది గుమ్మానికి నడుమెత్తు జాలీ తలుపు పెట్టిస్తే కుక్కలు ఇంట్లో ఉండడానికి అత్తగారు ఒప్పుకున్నారు. వడ్రంగి బుధవారం వస్తానన్నాడు. నులిపురుగుల మందు వేసి ఐదు నెలలైందని మావారు ఇప్పుడు చెబుతున్నారు.