లీమాలో చిన్న చేపల హోటల్లో ఒంటరిగా తినొచ్చా? పచ్చి చేప అని ఇంట్లో ఒకటే టెన్షన్

బరంపురం అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది బరంపురం. ఆఫీసు పని మీద నవంబరులో పెరూ, లీమా వెళ్తున్నాను, మొత్తం తొమ్మిది రోజులు, అందులో రెండు రోజులు నాకు ఖాళీ. ముందే టేబులు బుక్ చేసుకుని వెళ్లే పెద్ద రెస్టారెంట్లు నాకు వద్దు. చిన్నప్పటి నుంచి ఆదివారం పొద్దున్నే నాన్నతో గోపాల్‌పూర్ వెళ్లి, వల ఒడ్డుకు రాగానే చేపలు బేరమాడి తెచ్చుకున్నవాళ్లం, అలాగే అక్కడి మామూలు జనం మధ్యాహ్నం భోంచేసే చోట కూర్చుని తినాలని ఉంది. సెవిచే తినకుండా వెనక్కి రావడం నాకిష్టం లేదు. కానీ అది పొయ్యి మీద పెట్టని చేప. అమ్మకి ఫోటో చూపిస్తే "నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి చేపా? అంత దూరంలో జ్వరమొస్తే నీకెవరున్నారే" అని రెండు రోజులుగా అదే మాట. నాకు స్పానిష్ రాదు. పూటకు మన డబ్బుల్లో ఆరేడు వందల లోపు అయితే బాగుంటుంది. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

తెప్ప మీద పెరిగినవాణ్ణి:

చెల్లెమ్మా, మాది గోపాల్‌పూర్ పక్క పల్లె, వాడబలిజలం. కార్గో షిప్పులో పని చేస్తాను, మా షిప్పు కయావో రేవులో రెండు సార్లు ఆగింది, లీమాకి ఆనుకునే ఉంటుంది ఆ రేవు. తప్పకుండా తిను. కానీ ఒక్క సంగతి గట్టిగా పట్టుకో, సెవిచే మధ్యాహ్నం తిండి. ఐస్ పెట్టెలు లేని రోజుల్లో తెల్లారి పడిన చేప సాయంత్రానికి పాడయ్యేది కాబట్టి మధ్యాహ్నానికే తినేసేవారు, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, చిన్న హోటళ్లు చాలావరకు నాలుగైదు గంటలకే మూసేస్తారు. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వెళ్లు. రాత్రి పూట సందులో ఎవరో చవగ్గా అమ్ముతుంటే దాని జోలికి పోవద్దు.

కూర్చోగానే అడక్కుండానే వేయించిన మొక్కజొన్న గింజలు చిన్న గిన్నెలో పెడతారు, కాంచా అంటారు, దానికి చాలా చోట్ల డబ్బు తీసుకోరు. తర్వాత ప్లేటు. చేపను పెద్ద ముక్కలుగా కోసి, ఉప్పు, మిరపకాయ, కొత్తిమీర, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ వేసి, అప్పటికప్పుడు నిమ్మకాయలు పిండుతారు. వాళ్ల నిమ్మకాయ అచ్చం మన నిమ్మకాయలాగే చిన్నది, ఆకుపచ్చగా పుల్లగా ఉంటుంది. నేను వంటతని పక్కనే నిలబడి చూశాను, పిండిన తర్వాత అయిదారు నిమిషాలు కూడా ఉంచలేదు. ముక్క పైన తెల్లబడి లోపల ఇంకా మెరుస్తూ ఉంటుంది. పక్కన ఉడికించిన చిలగడదుంప, పెద్ద పెద్ద గింజల మొక్కజొన్న పెడతారు, పులుపూ కారమూ నోట్లో మండుతున్నప్పుడు ఆ దుంప ముక్క కొరికితే ఎంత హాయో చెప్పలేను. మా అమ్మ ఇన్నేళ్లూ చింతపండు పులుసే చేసింది, ఇలా కూడా చేపకి పులుపు పట్టించొచ్చని నాకు అప్పటిదాకా తట్టలేదు.

అక్కడి సముద్రంలో నీళ్లు చల్లగా ఉంటాయి, హంబోల్ట్ ప్రవాహం దక్షిణం నుంచి తెస్తుంది, అందుకే అన్ని చేపలు. మన నెత్తళ్ల జాతి అంచొవేతా లెక్కలేనంత పడుతుంది గానీ చాలావరకు చేపల పిండికే పోతుంది, ప్లేటులోకి వచ్చేది తక్కువ. చిన్న హోటల్లో నీకు దొరికేది ఎక్కువగా బొనీతో, అంటే మన సూర చేపకి దగ్గరి జాతి, లేదా పెరీకో. లెంగ్వాడో, కొర్వీనా ఖరీదు. మరీ చవగ్గా లెంగ్వాడో అని రాశారంటే అది వేరే చేప అయ్యుండొచ్చు. నేను ఎప్పుడూ "ఈ రోజు ఏ చేప వచ్చింది" అనే అడిగేవాణ్ణి, చెయ్యి చూపించి అడిగినా చెప్తారు.

పర్లాకిమిడి నర్సక్క:

అన్నయ్య చెప్పింది బాగుంది, కానీ మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయొద్దమ్మా. నిమ్మరసానికి చేప మాంసం గట్టిపడి ఉడికినట్టు కనిపిస్తుంది, అంతే. వేడికి చచ్చినట్టు సూక్ష్మజీవులన్నీ పులుపుకి చావవు. ఇంకో సంగతి, తాజాదనం వేరు, పురుగు వేరు. ఎంత తాజా చేపలోనైనా సన్నని పురుగులు ఉండొచ్చు. బాగా వేడి చేస్తే అవి చస్తాయి, లేదా మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులు గడ్డకట్టించాలి, చిన్న హోటళ్లలో అలా చేస్తారని అనుకోలేం. 1991లో పెరూలో కలరా వచ్చినప్పుడు జనం సెవిచే తినడానికే భయపడ్డారు, దేశాధ్యక్షుడు ఫుజిమోరి టీవీలో అందరి ముందూ తిని చూపించాల్సి వచ్చింది. ఆ రోజులు ఇప్పుడు లేవు, నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు.

ఆరోగ్యంగా ఉన్నదానివైతే, జనం కిటకిటలాడే చోట ఒకసారి తినడం నీ ఇష్టం. కడుపుతో ఉన్నవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, లివరు జబ్బు ఉన్నవాళ్లు మాత్రం వద్దే వద్దు. దిగిన రోజే తినకు, రెండు రోజులు కడుపు కుదుటపడనీ. కుళాయి నీళ్లు తాగొద్దు, జ్యూసులో ఐస్ వద్దని చెప్పు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు బ్యాగులో వేసుకో. నల్ల మొక్కజొన్నతో చేసే చిచా మొరాదా అక్కడ అందరూ తాగుతారు, మరిగించి చేస్తారు కానీ దాన్ని ఏ నీళ్లతో పలచన చేస్తారో చూసుకోవాలి, అనుమానంగా ఉంటే సీసా డ్రింకు తీసుకో.

రాయగడ నుంచి:

మేమిద్దరం 2023లో వెళ్లాం, మా ఆవిడ పచ్చి చేప ముట్టదు, అయినా రోజూ సెవిచెరియాలోనే, అంటే సెవిచే అమ్మే హోటల్లోనే తిన్నాం. ఉడికినవి బోలెడు దొరుకుతాయి. సుదాదో అంటే టమాటా, ఉల్లిపాయలతో మూతపెట్టి ఉడికించిన చేప, పల్చటి పులుసుతో వస్తుంది, అన్నం పెడతారు, మన నోటికి అదే దగ్గర. అర్రోస్ కోన్ మరిస్కోస్ అంటే రొయ్యలు, నత్తగుల్లలు వేసిన అన్నం. పిండి పట్టించి వేయించిన చేప ముక్కలు చిచర్రోన్. హోటల్లో వంటకాల పేర్లు రాసే పలక మీద "దుయో" అని రాస్తే ఒకే ప్లేటులో రెండు రకాలు, "త్రీయో" అంటే మూడు. మేము దుయో ఒకటి చెప్పి సెవిచే నేను, చిచర్రోన్ తను పంచుకునేవాళ్లం, 25 సోలెస్ పడింది, అప్పట్లో మన డబ్బుల్లో సుమారు 550. అదే వంటకం లీమాలోనే ఉన్న మిరాఫ్లోరెస్‌లో సముద్రం కనిపించే చోట రెట్టింపు పైనే.

మిరాఫ్లోరెస్‌లో దిగితే సుర్కియో మార్కెట్ నంబర్ 1కి నడిచి వెళ్లొచ్చు, లోపలే కౌంటర్లున్నాయి, ఎత్తు స్టూలు మీద కూర్చుని తినడమే, ఒంటరిగా వచ్చినవాళ్లే ఎక్కువ, ఆడవాళ్లు కూడా. చోర్రియోస్‌లో పడవలు ఆగే ఒడ్డు దగ్గర కూడా బాగుంటుంది, అక్కడ పెలికాన్లు చేప తలల కోసం మనుషుల మధ్యే తిరుగుతాయి. ఫోను మాత్రం చేతిలో పట్టుకుని తిరగొద్దు, కయావో రేవు వీధుల్లోకి ఒక్కదానివే వెళ్లొద్దు. చిల్లర ఉంచుకోండి, పెద్ద నోటు ఇస్తే వెలుతురుకి పట్టి చూస్తారు, దొంగనోట్ల భయం వాళ్లకి. కారం తక్కువ కావాలంటే "పోకో పికాంతె", బిల్లుకి "లా క్వెంతా".

బరంపురం అమ్మాయి:

చాలా థాంక్స్ అండి అందరికీ. అక్కా, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను, మూడో రోజు మధ్యాహ్నం ఒక్కసారి తిను అని ఒప్పుకుంది. అన్నయ్యా, లెచె దె తీగ్రె అంటే పులి పాలు అని చూశాను, అందులో పాలు ఉంటాయా? నాకు పాలు పడవు.

తెప్ప మీద పెరిగినవాణ్ణి:

మామూలుగా ఉండవమ్మా, సెవిచే ప్లేటు అడుగున మిగిలే పుల్లటి రసమే అది, చేప రుచి దిగి తెల్లగా అవుతుంది. కొంతమంది చిక్కదనం కోసం కాస్త డబ్బా పాలు కలుపుతారు, అందుకని "సిన్ లెచె" అని చెప్పి తీసుకో. విడిగా గ్లాసులో కూడా అమ్ముతారు. పలక మీద పేర్లు అర్థం కాకపోతే ఫోటో తీసి ఇక్కడ పెట్టు, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటంటే మనకి రాత్రి పదకొండున్నర, నేను మేలుకునే ఉంటాను, ఏ చేప ఏమిటో చెప్తాను.