‘నాణ్యత’ అనే మాట నాణెం నుంచే వచ్చిందా?

మిత్రులకు నమస్కారం.

పోయిన ఆదివారం మన నాణేల సేకర్తల బృందంలో ఒకరు తమకు కొత్తగా దొరికిన చార్మినారు రూపాయి (చార్మినారు బొమ్మ ఉన్న నిజాం కాలపు హైదరాబాదు నాణెం) ఫొటోను ఇక్కడ పంచుకుంటూ ‘‘నాణెం నాణ్యత చాలా బాగుంది’’ అని రాశారు. దాని మీద మరొక సభ్యులు రెండు అభ్యంతరాలు చెప్పారు. నాణెం, నాణ్యం ఒకే మాటకు రెండు రూపాలైనప్పుడు ‘నాణెం నాణ్యత’ అనడం ‘నడిమధ్య’ అన్నట్టు పునరుక్తి కాదా అన్నది మొదటిది. ఆయన మెచ్చుకున్నది నాణెం అరగకుండా ఉండటాన్ని కాబట్టి దానిని నాణ్యత అనవచ్చునా అన్నది రెండవది. మొదటి అభ్యంతరంలో సగం నిజం ఉంది, రెండవదానిలో పూర్తి నిజం ఉంది అని నా అభిప్రాయం. రెండు వాక్యాలలో జవాబు రాయాలనే కూర్చున్నాను గాని, ఈ మాట వెనుక ఉన్న చరిత్రను అంత పొట్టిగా చెబితే దానికి అన్యాయం చేసినట్టవుతుంది.

ముందు రూపం సంగతి చూద్దాం. పద్యం జనం నోట పద్దెం అయింది, సాక్ష్యం సాచ్చెం అయింది, వైద్యం వైద్దెం అయింది. ఈ వరుస తెలిసినవారు నాణ్యం ముందు పుట్టిందనీ, అది పలుకుబడిలో మారి నాణెం అయిందనీ అనుకోవడం సహజమే. అయితే పద్యం, సాక్ష్యం, వైద్యం సంస్కృతంలో ఉన్న మాటలు. సంస్కృత నిఘంటువులలో నాణేనికి కనిపించే మాట మాత్రం ‘నాణకం’. నాణకంలోని కకారం పలుచబడి యకారమైతే ‘నాణయం’ అవుతుంది, అది ఇంకా కుదించుకుంటే ‘నాణెం’ అవుతుంది. ఆ నడిమి మెట్టు ఊహించి చెబుతున్నది కాదు. తమిళులు ఈనాటికీ నాణేన్ని ‘నాణయం’ అనే అంటారు. కాబట్టి నాణెమే సహజంగా వచ్చిన రూపమనీ, పద్దెం వెనుక పద్యం ఉన్నట్టే నాణెం వెనుక నాణ్యం ఉండి ఉంటుందని తలచిన చదువరులు దానిని వెనక్కి దిద్ది ‘నాణ్యం’ చేశారనీ నేను భావిస్తున్నాను. ఆ దిద్దిన రూపానికి సంస్కృతపు ‘త’ ప్రత్యయాన్ని కూడా చేర్చుకొని ‘నాణ్యత’ తయారు చేసుకున్నాం. చూడటానికి అచ్చమైన తత్సమంలా ఉన్న ఈ మాట, నిజానికి మన ఇంట్లో పుట్టి సంస్కృతపు ఉత్తరీయం వేసుకున్నది. నాకు ఈ మాట మీద ఇష్టం పెరగడానికి అదీ ఒక కారణం.

నాణకం అనే మాట ఎక్కడిదన్న ప్రశ్నకు పండితులు చెప్పే ఒక వాదన ఉంది. కుషాణు రాజులైన కనిష్కుడు, హువిష్కుడు వేయించిన నాణేల మీద ‘నన’ అనే దేవత బొమ్మ, గ్రీకు లిపిలో ఆమె పేరు కనిపిస్తాయి. ఆ దేవత పేరు మీదుగానే ఆ నాణేలకూ, తరువాత నాణేలన్నిటికీ ఆ పేరు వచ్చిందని ఆ వాదన. దానిని నేను రుజువైన విషయంగా చెప్పడం లేదు. కాని నాణెం మీది బొమ్మ పేరే నాణేనికి పేరు కావడం మన దేశంలో కొత్త కాదు. వరాహమూర్తి బొమ్మ వల్ల వరహా వచ్చింది. మనం ‘చార్మినారు రూపాయి’ అనడమూ అలాంటిదే.

ఇక ముఖ్యమైన ప్రశ్న: నాణేనికి పేరైన మాట ‘మేలిమి’ అనే అర్థంలోకి ఎలా వెళ్ళింది? దీనికి జవాబు నాకు యాజ్ఞవల్క్య స్మృతి అనే పాత ధర్మశాస్త్రంలో దొరికింది. అందులో వ్యవహారాధ్యాయంలో ‘నాణకపరీక్షి’, అంటే నాణేలను పరీక్షించేవాడు, కనిపిస్తాడు. మంచి నాణేన్ని దొంగ నాణెమని గాని, దొంగ నాణేన్ని మంచిదని గాని చెప్పే నాణకపరీక్షికి ఉత్తమసాహస దండన, అంటే ఆ స్మృతి లెక్కలోనే 1080 పణాల జరిమానా వేయాలని అక్కడ ఉంది. ఈ నియమం చదివినప్పుడల్లా నాకు ఒక సంగతి తడుతుంది. నాణెం అనగానే పాతకాలపువాడికి మొదట తోచేది దాని ధర కాదు. అది మంచిదా, కాదా అన్న పరీక్ష. సంతలో చేతికి వచ్చిన ప్రతి బిళ్ళనూ మోగించి, గీటురాయి మీద గీసి, త్రాసులో వేసి చూసే షరాబు లేనిదే బేరం సాగదు. పరీక్షకు నిలిచినదే నాణెం, నిలవనిది వట్టి లోహపు ముక్క. అలాంటప్పుడు ‘నాణెమైనది’ అనే మాటకు ‘పరీక్షకు నిలిచినది’ అనే అర్థం రావడానికి ఎంతో దూరం పోనక్కరలేదు.

ఇదే దారిలో మన పొరుగువారు ఎటు నడిచారో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కన్నడంలో ‘నాణ్య’ ఈనాటి వాడుకలో ఎక్కువగా నాణెం దగ్గరే ఆగిపోయింది, మరాఠీలో ‘నాణే’ కూడా అంతే. తమిళంలో ‘నాణయం’ అంటే నాణెమూ, నిజాయితీ కూడా. మాట తప్పని మనిషిని వారు నాణయం గలవాడు అంటారు. మనం ఆ గుణాన్ని మనుషులకంటే వస్తువులకు ఎక్కువగా అంటగట్టాం: నాణ్యమైన బియ్యం, నాణ్యమైన నూలు, నాణ్యమైన పని. ఒకే నాణెం తమిళనాట మనిషి నడతను కొలిచింది, తెలుగునాట సరుకును కొలిచింది.

ఇంతకంటే పాత సాక్ష్యం మరొకటి ఉంది. రూపాయికి మూలమైన ‘రూప్య’ శబ్దాన్ని సాధించడానికి సంస్కృత వ్యాకరణకర్త పాణిని ‘రూపాదాహతప్రశంసయోర్యప్’ అని ఒక సూత్రం చేశాడు. రూపం అనే మాట మీద రెండు అర్థాలలో ఈ ప్రత్యయం వస్తుందని దాని భావం. ఒకటి ‘ఆహతం’, అంటే దెబ్బ కొట్టి రూపాన్ని తేల్చినది. రెండవది ప్రశంస, అంటే మెచ్చదగిన రూపం గలది. పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి మొదటి అర్థానికి దీనారం, కార్షాపణం అనే నాణేలనూ, రెండవ అర్థానికి ‘రూప్యః పురుషః’ అని అందమైన మనిషినీ ఉదాహరణలుగా చూపింది. ముద్ర పడిన నాణెమూ, మెచ్చదగిన గుణమూ ఒకే మాటలో కలిసి ఉండటం పాణిని నాటికే ఉన్నదన్నమాట. మన నాణెం–నాణ్యం జంట ఆ పాత జంటకు చెల్లెలి వంటిదని అనుకోవడంలో నాకు ఎంతో సంతోషం ఉంది.

‘ఆహతం’ అనే మాట నా చేతిలోని నాణెం మీదే మరో భాషలో ఉంది. నేను గత నెల ఒక గురువారం హైదరాబాదులోని జుమ్మేరాత్ బజారులో కొన్న హైదరాబాదు రూపాయి హిజ్రీ 1337 (1918–19) నాటిది. దాని మీది చార్మినారు బొమ్మ గుమ్మంలో ‘ఐన్’ అక్షరం (ఉర్దూ రాతలో ఉస్మాన్ పేరుకు మొదటి అక్షరం) ఉంది కాబట్టి అది ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఆయన తండ్రి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేలలో అదే చోట ‘మీమ్’ ఉంటుంది. రెండో వైపున ‘జర్బ్’ అనే మాటా, ‘ఫర్ఖుందా బునియాద్’ (శుభమైన పునాది గలది) అనే బిరుదుతో హైదరాబాదు పేరూ ఉన్నాయి. జర్బ్ అంటే దెబ్బ, దారుల్ జర్బ్ అంటే టంకసాల. పాణిని ఆహతం అన్నదీ, ఇక్కడి పారసీ రాతగాడు జర్బ్ అన్నదీ ఒకే సుత్తి దెబ్బను. చిత్రమేమిటంటే ఈ రూపాయి సుత్తితో కొట్టినది కాదు, యంత్రం మీద అచ్చయినది. 1803లో మొదలైందని చెప్పే ఇక్కడి టంకసాల 1903లో సైఫాబాదుకు మారింది. చార్మినారు నాణేలు ఆ తరువాతివే. దెబ్బ పోయినా మాట నిలిచింది.

ఆ నాటి హైదరాబాదులో ‘నాణ్యం’ అనే మాటకు ఎంత బరువు ఉండేదో చెప్పడానికి హాలీ, కల్దారు అనే రెండు మాటలు చాలు. హాలీ సిక్కా అంటే చెలామణిలో ఉన్న నాణెం, అంటే నిజాం రూపాయి. కల్దారు అంటే ‘కల్’ ఉన్నది, యంత్రం మీద చేసినది, అంటే ఇంగ్లీషువారి రూపాయి. హైదరాబాదు రూపాయి కూడా యంత్రం మీద తయారు కావడం మొదలైన తరువాత ఈ పేరు అర్థం ప్రకారం దానికీ చెల్లాలి గాని, జనం కల్దారును ఇంగ్లీషు రూపాయికే ఉంచేశారు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకం. నూరు కల్దారుకు నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. ఈ లెక్కను చిన్నప్పుడు మా తాతగారి నోట విన్నప్పుడు అది సర్కారువారు ఏదో ఒక అంకె పెట్టి నిర్ణయించినదనుకున్నాను. రెండు రూపాయలూ చేతికి వచ్చాక లెక్క వేసి చూశాను. 1940కి ముందు కల్దారు రూపాయి 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. అంటే వెండి సుమారు 10.69 గ్రాములు. హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెయ్యికి 818 పాళ్ళు వెండి. అంటే సుమారు 9.14 గ్రాములు. ఆరు కల్దారులలో వెండి 64.1 గ్రాములు, ఏడు హాలీలలో 64 గ్రాములు! చేతిలోకి తీసుకుంటే రెండు నాణేల బరువులో తేడా అర గ్రాము కూడా లేదు. తేడా అంతా లోపలి వెండిలో ఉంది. దీనికే నాణ్యం అని పేరు.

కాబట్టి రెండవ అభ్యంతరం విషయంలో నేను పూర్తిగా ఆ సభ్యుల పక్షమే. నాణేనికి సంబంధించినంతవరకు నాణ్యం అంటే లోహపు మేలిమి, ముద్ర పడిన నాటి సరైన తూకం, అసలుదనం. అది నాణెంతో పాటు పుట్టేది. వాడకం వల్ల తగ్గేది కాదు, దాచడం వల్ల పెరిగేది కాదు. పూర్తిగా అరిగిపోయి చార్మినారు కనపడని రూపాయికి కూడా అదే నాణ్యం ఉంటుంది. నిన్న మొన్న పోత పోసి తళతళలాడించిన నకలుకు అది ఉండదు. సేకర్తలుగా మనం మెచ్చుకునే రెండవ గుణాన్ని, అంటే నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉన్నదన్న విషయాన్ని, ‘స్థితి’ అనడం మేలు. దాన్ని వివరించడానికి మాటలకు కొరత లేదు. అరిగిన నాణెం, అంచు అరగని నాణెం, అక్షరాలు తేటగా ఉన్న నాణెం, చిలుము పట్టిన నాణెం, మాసిన నాణెం, గీతలు పడిన నాణెం అని మన పెద్దవాళ్ళు అనేవారు. ఇందులో చిలుము అనే మాటను తప్పుగా చూడవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. పదమూడో ఏట నేను నాకు దొరికిన మొదటి రెండు పైల రాగి బిళ్ళను చింతపండుతో తోమి, దాని మీద ఏళ్ళ తరబడి పట్టిన చిలుము చాయనంతా పోగొట్టాను. అది మెరిసింది గాని, అక్షరాల అంచులు మొద్దుబారిపోయాయి. ఆ బిళ్ళ నాణ్యం మారలేదు, స్థితి మాత్రం తిరిగి రానంతగా చెడింది. ఈ రెండు మాటలకూ మధ్య తేడాను నాకు నేర్పినది ఆ బిళ్ళే.

మొదటి అభ్యంతరానికి నా జవాబు ఇది: పుట్టుకలో ఒకటే అయినా, ఇప్పుడు నాణెం, నాణ్యత రెండు వేరు మాటలు. ఒక మాట రెండుగా చీలి చెరొక పనికి కుదురుకున్నాక వాటిని పక్కపక్కన వాడటం పునరుక్తి కాదు. ‘పదహారణాల తెలుగు’ అంటున్నప్పుడు ఎవరూ చిల్లర లెక్కపెట్టరు. నాలుగణాల నాణెమైన పావలా, అదే మన చారాణా, 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయినా, ‘చారాణా కోడికి బారాణా మసాలా’ అన్న సామెత హైదరాబాదులో నిక్షేపంలా చెల్లుతున్నది.

నాణెం అనే మాటకు బహువచనం గురించి కూడా ఒకరు అడిగారు. పళ్ళెం–పళ్ళేలు, కళ్ళెం–కళ్ళేలు అయినట్టే నాణెం–నాణేలు. తాళం–తాళాలు పద్ధతిలో వచ్చే ‘నాణాలు’ విన్నాను గాని, రాతలో నాణేలే సరి. ఆ వరుసలోనే పళ్ళేనికి, కళ్ళేనికి అన్నట్టు ‘నాణేనికి’ అనడమే మరింత శాస్త్రీయం.

ఇప్పుడు నా రూపాయి ఫొటో కింద నేను రాయదలచినది ఇది: ‘‘హైదరాబాదు రూపాయి, హిజ్రీ 1337, గుమ్మంలో ఐన్. నాణ్యం: వెయ్యికి 818 పాళ్ళ వెండి. స్థితి: మీనార్ల కొనలు కొంచెం అరిగాయి, ‘జర్బ్’ అన్న మాట తేటగా ఉంది, తోమలేదు.’’