అప్‌డేట్: పర్యావరణ న్యాయంలో పీజీకి లా డిగ్రీ అవసరం రాలేదు, సీటు వచ్చింది

విజయవాడలో బీఎస్సీ చదివిన నేను, పర్యావరణ న్యాయంలో (కాలుష్యం, వరదల వంటి వాటి భారం ఎవరిపై ఎక్కువ పడుతోంది, అది న్యాయమేనా అని పరిశీలించే చదువు) పీజీ చేయాలంటే లా డిగ్రీ తప్పనిసరా అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు, సీటు వచ్చింది. ఆ పేరుతోనే కోర్సు వెతకకుండా, భూగోళశాస్త్రం, సామాజికశాస్త్రం, పబ్లిక్ పాలసీ విభాగాల్లో ఈ అంశంపై పనిచేసే ఆచార్యులను వెతకమన్న సలహాయే ఫలించింది. దరఖాస్తు వ్యాసంలో 1982లో అమెరికాలోని వారెన్ కౌంటీలో, నల్లజాతివారు ఎక్కువగా ఉండేచోట విషవ్యర్థాలు పూడ్చడాన్ని ఎదిరించిన ఉద్యమాన్ని ఒక్క వాక్యంలో ప్రస్తావించి, మిగతాదంతా 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి ఎందుకు నిలిచాయి, పల్లపు స్థలాలు ఎవరి వాటాకు వచ్చాయి అన్న ప్రశ్నలపైనే రాశాను. నన్ను ఈ చదువు వైపు నడిపించినవి అవే. ఇంటర్వ్యూలోనూ గోడలపై బురద చార ఎంత ఎత్తున ఉందో, అద్దెకున్నవారి నష్టాన్ని ఎలా లెక్కించవచ్చో అడిగారు. లా డిగ్రీ ఊసే రాలేదు. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పులు చదివి అర్థం చేసుకోగలిగితే చాలన్నారు; అవి ట్రిబ్యునల్ వెబ్‌సైటులోనే దొరుకుతాయి.