పాత వాల్వు యాంప్లిఫయర్: కండెన్సర్లన్నీ మార్చాలా, చెడిందొక్కటే పట్టుకోవాలా?

ఒంగోలు అబ్బాయి:
మా నాన్న శ్రీరామనవమి పందిళ్లకు, పెళ్లిళ్లకు మైకుసెట్టు నడిపేవారు. ఆయన వాల్వు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టం) యాంప్లిఫయర్‌ను అటక మీద నుంచి దించాను. స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్‌లో రెండు ఈఎల్ 34 వాల్వులు. స్విచ్చి వేసిన ఐదు నిమిషాలకు ఒక వాల్వు ప్లేటు, అంటే లోపలి లోహపు రేకు, ఎర్రగా కాలుతోంది, హారన్‌లో గుయ్‌మని హమ్ వస్తోంది. షాపులో చూపిస్తే కండెన్సర్లన్నీ (చార్జి నిలవుంచే భాగాలు) పీకి కొత్తవి వేద్దామన్నారు. నాన్న చేత్తో సోల్డర్ చేసిన సెట్టు, అన్నీ పీకడానికి మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

కావలి మైకుసెట్టు:
మార్చెయ్ తమ్ముడూ. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ లోపలి ద్రవం ఎండిపోతుంది. కాగితం కండెన్సర్లు తేమ పీలుస్తాయి, సముద్రం పక్కనున్న మన ఊళ్లలో మరీనూ. కండెన్సర్లన్నీ కలిపినా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించే ఖర్చులో ఓ మూలకు రావు. పైగా లోపల నాలుగొందల వోల్టులుండే సెట్టును మాటిమాటికీ తెరవడమే ప్రమాదం.

నెల్లూరు రేడియో:
అన్నా, అన్నీ మార్చడం రిపేరు కాదు. నా దగ్గరికి ఒక సెట్టు అలాగే వచ్చింది. ఎవరో కండెన్సర్లన్నీ కొత్తవి వేశారు, వాల్వు మాత్రం ఎర్రబడుతూనే ఉంది. అసలు జబ్బు గ్రిడ్ (వాల్వులో కరెంటును అదుపు చేసే తీగ) నుంచి ఎర్త్‌కు వెళ్లే 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తెగిపోవడం. దానికితోడు కొత్త ఎలక్ట్రోలైటిక్ ఒకటి ప్లస్ మైనస్ తిరగేసి వేశారు. ఒక జబ్బు రెండయింది. వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తమ్ముడూ, ముందు స్పీకర్ తగిలించు. అది లేకుండా పాట పెడితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. కరెంటు వైరుకు వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బు సిరీస్‌లో పెట్టు. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఆపాక ఫిల్టర్ కండెన్సర్లలో (సప్లై వోల్టేజిని నిలకడగా ఉంచేవి) చార్జి మిగిలే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో టపామనిపించవద్దు, రెసిస్టర్ తగిలించి దించు, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టు.

ఇప్పుడు ఆ రెండు వాల్వులూ అటుదిటు మార్చు. ఎరుపు వాల్వుతోపాటు వెళ్తే వాల్వుదే తప్పు. పాత సాకెట్‌లోనే ఉండిపోతే తప్పు సాకెట్ వెనకుంది. అప్పుడు వాల్వులు రెండూ పీకి, కాసేపు మాత్రమే కరెంటిచ్చి, ఐదో పిన్ను దగ్గర వోల్టేజి చూడు. అది గ్రిడ్. క్యాథోడ్ బయాస్ సెట్టులో, అంటే గ్రిడ్‌కు విడిగా మైనస్ వోల్టేజి ఇవ్వని సెట్టులో, అక్కడ సున్నా ఉండాలి. ప్లస్‌లో వోల్టులు కనిపిస్తే కప్లింగ్ కండెన్సర్ (ముందున్న వాల్వు నుంచి పాటను మాత్రమే ఇటు పంపేది) లీకవుతోంది. ఆ ముందున్న వాల్వు ప్లేటు వోల్టేజి దాంట్లోంచి కారి గ్రిడ్ మీద పడుతోందన్నమాట. అందుకే వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగి ఎర్రబడుతుంది.

కావలి మైకుసెట్టు:
సరే, ఒప్పుకుంటా. కానీ ఒకవైపు కప్లింగ్ కండెన్సర్ లీకైతే, అదే వయసున్న రెండోదాన్ని వదిలేస్తావా? ఆర్నెల్లకు అదీ పోతే పోయేది ఈఎల్ 34. ఈ రోజుల్లో మంచి వాల్వు దొరకడమే గగనం.

నెల్లూరు రేడియో:
ఆ జత మార్చాల్సిందే, అందులో నీతో గొడవ లేదన్నా. మైకా, సిరామిక్ కండెన్సర్లు మాత్రం ఊరికే చెడవు, వాటి జోలికి పోవద్దు. హమ్ సంగతి వేరే చూడాలి. వాల్యూమ్ సున్నాకు తిప్పితే హమ్ ఆగితే తప్పు ముందు స్టేజీలోనో, మైకు వైరు ఎర్త్‌లోనో ఉంటుంది. ఆగకపోతే ముందు ఫిల్టర్ కండెన్సర్లనే అనుమానించాలి.

ఒంగోలు అబ్బాయి:
నిన్న రాత్రి కూర్చున్నా. వాల్వులు మార్చినా ఎరుపు అదే సాకెట్‌లో. ఐదో పిన్ను దగ్గర 9 వోల్టులు. రెండువైపులా 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల కొత్త కండెన్సర్లు వేశాను. అరగంట నడిపా, ప్లేటు నల్లగానే ఉంది. నాన్నను పిలిచి చూపించా, చాలాసేపు ఆ వాల్వులనే చూస్తూ కూర్చున్నారు.

హమ్ మాత్రం వాల్యూమ్ సున్నాలో పెట్టినా వస్తోంది. ఆదివారం ఫిల్టర్ కండెన్సర్లు మారుస్తా. మిగతావి ముట్టుకోను.