టీచర్లకు ముఖ హాజరు పెడితే పిల్లలకు చదువు వస్తుందా?

ఒక తండ్రి: 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టీచర్లకు ముఖ హాజరు యాప్ (ఫోనులో ముఖం ఫోటో తీసి హాజరు వేసేది) పెడితే సంఘాలు ఎందుకంత గొడవ చేశాయి? తొమ్మిదింటికి బడిలో ఉండమనడం తప్పా? మా ఊరి అయ్యవారు పదిన్నర దాటితే గానీ వచ్చేవారు కాదు. రెండో తరగతి అయినా మా అబ్బాయికి కూడికలు రాలేదు. అప్పు చేసి ప్రైవేటులో వేశాను.

పల్లె బడి పంతులమ్మ: సొంత ఫోను, సొంత డేటా వాడమన్నారండీ. సిగ్నల్ లేక ఆలస్యం పడితే ఎవరు బాధ్యులు?

ఒక తండ్రి: ఆ ఫోనులోనే బ్యాంకు పనులు చేసుకుంటారు. హాజరుకే అభ్యంతరమా?

కొండవాలు: మా వైపు సిగ్నల్ నిజంగానే ఉండదు.

లెక్కల మాస్టారు: ఫోను సంగతి వదిలేయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచరుకు బోనసు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో మిగతావారిని దాటిపోయారు. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజున ఎక్కువ పనిచేశారు: ఇంటిపని ఇచ్చారు, బడి వదిలాక కూడా పాఠం చెప్పారు.

ఒక తండ్రి: అంటే రాకపోయినా ఫర్వాలేదా?

లెక్కల మాస్టారు: నేను అలా అనలేదు. మళ్లీ చదవండి.

పల్లె బడి పంతులమ్మ: బోనసు నాకు అక్కర్లేదు. మాది ఏకోపాధ్యాయ పాఠశాల, అయిదు తరగతులూ నావే. భోజనం ఫోటోలు, గుడ్ల లెక్క అన్నీ నేనే ఎక్కించాలి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పని టీచర్లకు అప్పగించకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఈ ఫోటోలు బడి పనే అంటారు కాబట్టి అది మాకు అక్కరకు రాదు. తొమ్మిదింటికి నా ముఖం కనిపిస్తుంది సరే, ఒకటో తరగతి వాళ్లకు అక్షరాలు దిద్దించే సమయం ఎవరిస్తారు?

ఒక తండ్రి: మీ కష్టం మీరు చెప్పారు. నేను అర్జీ పెడితే పలికిన అధికారి లేడు. మనుషులెవరూ నా మాట వినలేదు, అందుకే యాప్‌ను నమ్మాను. ఇప్పుడు అదీ వద్దంటే మేము ఎవరిని అడగాలి?

పల్లె బడి పంతులమ్మ: నన్ను అడగండి. నేను జవాబు చెప్పాల్సింది మీకు, రాజధానిలోని సర్వరుకు కాదు. బడి యాజమాన్య కమిటీలో కనీసం మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం చెబుతోంది, నాలుగింట మూడు.

ఒక తండ్రి: ఆ కమిటీ ఉందని మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు. మీ బడిలో అందరూ వస్తున్నారా?

పల్లె బడి పంతులమ్మ: లేదు. కూలి పోతుందని రారు. సమావేశం సాయంత్రం పెడదామంటే పైనుంచి ఒప్పుకోవడం లేదు.