దంతె నాగలి కాదండీ

కథను అనువదిస్తున్న ఒకరు నిన్న అడిగారు: రైతు జొన్న పైరు సాళ్ల మధ్య ఎద్దులతో నడిపే పనిముట్టును "చిన్న నాగలి" అని రాయవచ్చా?

దయచేసి అలా రాయకండి, అది దంతె. నాగలికి కర్రు ఉంటుంది, అది నేలను చీల్చుకుంటూ పోతుంది. దంతెకు ఉండేది అడ్డంగా బిగించిన ఇనప బద్ద. అది పైమట్టి కిందుగా జారుతూ కలుపు వేర్లను కోసేస్తుంది. మట్టి గుల్లబారి నల్లరేగడిలో నెర్రెలు పూడుకుంటాయి, లోపలి తేమ పైకి ఎగిరిపోదు. చెరకులో మట్టి ఎగదోయడానికి సాళ్ల మధ్య నాగలే పెడతారు, నిజమే. కానీ అది వేరే పని.

మా రాయలసీమలో దంతె అంటాం. చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే కాడికి రెండు దంతెలు కట్టేవాళ్లు. ఒకటి మా తాత, ఇంకోటి పెదనాన్న పట్టుకుని పక్కపక్క సాళ్లలో నడిచేవాళ్లు. కోస్తాలో దీన్నే గుంటక అంటారు. అయితే విత్తే ముందు నేల చదునుకు తోలే పెద్దదీ గుంటకే. ఏది అన్నది ముందు మాట చెబుతుంది: "దుక్కిలో గుంటక" వేరు, "పైరులో గుంటక" వేరు. ఆదిలాబాద్ పత్తి చేలల్లో డౌర. పక్కనే విదర్భలో మరాఠీ రైతులు డవరా అంటారు, ఆ పనిని డవరణి అంటారు.

క్రియలు కూడా చూడండి. నాగలితో దున్నుతాం, దంతె తోలుతాం, డౌర కొడతాం. దంతెతో "దున్నాడు" అంటే మా ఊళ్లో ఎవరి చెవికీ ఎక్కదు.

కన్నడంలో గుంటకను కుంటె అంటారు. సాళ్ల మధ్య తోలేది ఎడెకుంటె. ఆ ఎడె మన ఎడమే (అంటే మధ్య ఖాళీ), ఎడబాటులో ఉన్న ఎడే. వాళ్లు పేరులోనే చోటు చెప్పేశారు. నాకు ఎంతో ముచ్చటేసిన మాట ఇది.

— "అంతరకృషి అని పుస్తకాల్లో ఉంది కదండీ, అది చాలదా?"

అది పైరు సాళ్ల మధ్య చేసే పని పేరండీ, పనిముట్టు పేరు కాదు. పవర్ వీడర్‌తో, అంటే కలుపు తీసే యంత్రంతో చేసినా అంతరకృషే. మీ కథలో ఎద్దులున్నాయి కాబట్టి ఇంకో మాట కూడా కావాలి: చిక్కం. దుక్కిలో దాని అవసరం ఉండదు. పైరులోకి దిగితే మాత్రం ఎద్దుల మూతికి చిక్కం కట్టాల్సిందే, లేకపోతే నడుస్తూనే ఆకులు కొరికేస్తాయి. నేనైతే మీ వాక్యాన్ని ఇలా రాస్తాను: "ఎద్దుల మూతులకు చిక్కాలు కట్టి, జొన్నలో దంతె తోలుతున్నాడు."